బందరు గాలికి నిలిచే మరుగుదొడ్డి

ఒకప్పుడు నడిగూడెం కలెక్టరు బందర్లో ఉండేవాడు. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ దీవిలా మునగాల పరగణా. నడిగూడెం కోటలో జమీందారు రాజా నాయని వెంకట రంగారావు. ఆ జమీ ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లాలోది. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం మచిలీపట్నం, అంటే బందరే. బందరు దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య నడిగూడెంలో ఉంటూ పత్తి సాగు మీద పరిశోధన చేసి 'పత్తి వెంకయ్య' అనిపించుకున్నారు. అలా కాగితాలు, శిస్తులు, మనుషులు ఈ రెండు ఊళ్ల మధ్య తిరుగుతూ ఉండేవి. ఇప్పుడు జిల్లా వేరు, రాష్ట్రం వేరు. దారి మాత్రం తెగలేదు. పుణెలో మొదలైన 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, మునగాల, కోదాడ దాటి, విజయవాడ మీదుగా వెళ్లి మచిలీపట్నంలో ఆగుతుంది.

కార్తీకం వచ్చిందంటే ఆ దారిన సముద్రానికి వెళ్లే బళ్లు పెరుగుతాయి. చిలకలపూడి పాండురంగడి దర్శనం, పౌర్ణమి నాడు మంగినపూడిలో సముద్ర స్నానం. కోదాడ నుంచి బందరు దాదాపు 160 కిలోమీటర్లు, అక్కడి నుంచి మంగినపూడి మరో పదీ పదకొండు. తెల్లవారుజామున మునగాలంటే రాత్రికే బయల్దేరాలి. పులిహోర డబ్బా, పొడిబట్టల సంచి, చంటిపిల్లలు, మోకాళ్ల నొప్పుల నాయనమ్మ. దారి పొడవునా హోటళ్లు, పెట్రోలు బంకులు ఉంటాయి కాబట్టి ఎలాగో గడిచిపోతుంది. ఒడ్డుకు చేరాకే మరుగుదొడ్డి చిక్కు. ఆడవాళ్లు ముందురోజు సాయంత్రం నుంచే మంచినీళ్లు తగ్గించేస్తారు. ఆ సంగతి మగవాళ్లకు చెప్పరు, వాళ్లు అడగరు.

బళ్లో 974 కిలోమీటర్లని వల్లెవేసిన ఆంధ్ర తీరంలో ఏ మూలకు వెళ్లినా ఆ మరుగుదొడ్డి ముఖం ఒకేలా ఉంటుంది. తలుపు కింది రేకును తుప్పు తినేసి జల్లెడ చేసి ఉంటుంది. గడియ ఉండదు, ఉంటే పడదు. స్లాబు పెచ్చులూడి లోపలి ఊచలు పక్కటెముకల్లా బయటికొచ్చి ఉంటాయి. కుళాయి పిడి ఎప్పుడో ఊడిపోయి, దాని స్థానంలో ఒక గుడ్డపేలిక. గోడ మీద ప్రారంభోత్సవ శిలాఫలకం ఒక్కటే చెక్కుచెదరకుండా ఉంటుంది. అది గ్రానైటు కనుక. ఈ మాట వెటకారానికి కాదు, దీంతో తర్వాత పని ఉంది.

జనానికి శుభ్రత తెలియదనో, పంచాయతీకి శ్రద్ధ లేదనో తీర్పు చెప్పేయడం తేలిక. రెండింట్లోనూ కొంత నిజం లేకపోలేదు. అయితే తప్పు చాలాసార్లు అంతకంటే ముందే, ఎస్టిమేట్ కాగితం మీదే జరిగిపోతుంది. నడిగూడెం లాంటి ఊళ్లో ముప్పై ఏళ్లు నిలవగల గదినే యథాతథంగా ఎత్తుకెళ్లి కెరటాల ముందు నిలబెడుతున్నారు. అవే సిమెంటు పాళ్లు, అవే ఇనుప చట్రాలు, అదే రేకు తలుపు, అవే ఇంకుడు గుంతలు. ఊరి నేలకు పనికొచ్చినవన్నీ ఉప్పు గాలికి ఒకటొకటిగా ఓడిపోతాయి.

ఎందుకు ఓడిపోతాయో ఇంట్లో ఉప్పు జాడీ చెబుతుంది. వానాకాలం మూత తీస్తే ఉప్పు చెమర్చి ముద్దకట్టి ఉంటుంది. గాలిలోని తడిని అది తనలోకి లాక్కుంటుంది. తీరంలో గోడ, చువ్వ, తలుపు అన్నీ ఆ జాడీలో ఉన్నట్టే లెక్క. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. కెరటం విరిగినప్పుడు లేచే సన్నటి తుంపరను గాలి మోసుకొచ్చి గోడలకు పులుముతుంది. ఆ ఉప్పు పగలు ఎండుతుంది, రాత్రి చెమరుస్తుంది, కాంక్రీటు రంధ్రాల్లోంచి మెల్లగా లోపలికి దిగుతుంది. అందులోని క్లోరైడు ఊచను చేరినరోజు తుప్పు మొదలవుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు కోరుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలి నుంచే పగిలి పెచ్చుగా రాలుతుంది. బయటి నుంచి ఎంత రంగు వేసినా ఆగని జబ్బు ఇది.

దీనికి మందు మన దగ్గర లేక కాదు. 2000లో వచ్చిన ఐఎస్ 456 ప్రమాణంలో స్పష్టంగా రాసే ఉంది. వాతావరణం దెబ్బ తగలని కాంక్రీటులో ఊచ మీద 20 మిల్లీమీటర్ల కవర్, అంటే కాంక్రీటు పొర, చాలు. తీరప్రాంతంలో అయితే 45, అలల తుంపర నేరుగా పడే చోట 50. కాంక్రీటు బలం మామూలు చోట ఎం20 నుంచి మొదలైతే తీరంలో ఎం30, తుంపర పడే చోట ఎం35 ఉండాలి. నీళ్లు, సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు. అంటే యాభై కిలోల బస్తాకు ఇరవై రెండున్నర లీటర్ల నీళ్లు, ఇసుకలో ఉన్న తడితో కలిపి. సెంట్రింగు మీద కాంక్రీటు తేలిగ్గా పారాలని మేస్త్రీ మరో అర బకెట్టు ఒంపిన క్షణంలోనే ఆ కట్టడం ఆయువు తగ్గుతుంది. ఇక ఎదురుగా కావలసినంత ఇసుక ఉంది కదా అని ఒడ్డు ఇసుకే కలిపేస్తే సముద్రం బయటి నుంచి రానక్కర్లేదు, మొదటి రోజు నుంచే గోడలో ఉంటుంది.

సిమెంటు సంగతికొస్తే నడిగూడెం వాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. మేళ్లచెరువు, హుజూర్‌నగర్, ఏరు దాటితే జగ్గయ్యపేట, అంతా సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీల బెల్టు. తీరానికి కావలసింది ఉక్కు కర్మాగారాల చిట్టెం, అంటే స్లాగు, కలిసిన సిమెంటు. దాంతో పోసిన కాంక్రీటులోకి క్లోరైడు అంత త్వరగా చొరబడలేదు. ఆ చిట్టెం వచ్చే ఉక్కు కర్మాగారం విశాఖ తీరంలోనే ఉంది. ఇలాంటి సిమెంటుకు క్యూరింగు కనీసం పది రోజులు చేయాలి. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖరారైన పనుల్లో ఆ పది రోజులు ఎక్కడ దొరుకుతాయన్నది వేరే ప్రశ్న.

అయినా ఊచను కాపాడటం కంటే ఊచ అవసరమే తగ్గించడం మేలు. బందరులో డచ్చివాళ్ల శ్మశానంలో 17వ శతాబ్దం నాటి సమాధి రాళ్లు ఇంకా ఉన్నాయి. రాయికి తుప్పు లేదు. వంటింట్లో మిక్సీలు ఎన్ని మారినా పెరట్లో రోలు మారకపోవడానికి కారణం కూడా అదే. అందులో చెడిపోయే భాగమంటూ లేదు. సముద్రం ఒడ్డున కట్టే మరుగుదొడ్డి రోలు జాతికి చెందాలి, మిక్సీ జాతికి కాదు.

రాతికి ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. ఒంగోలు పక్కన చీమకుర్తి ఉంది. అక్కడి నల్ల గ్రానైటు దేశదేశాలకు ఎగుమతి అవుతోంది. మచ్చ ఉందనో అంచు విరిగిందనో ఎగుమతికి పనికిరాని పలకలు మరుగుదొడ్డి అడ్డుగోడలకు నిక్షేపంలా పనికొస్తాయి. గది గదికీ మధ్య ఇటుక, ప్లాస్టరు, టైలు, రంగు అనే నాలుగు పొరల బదులు ఒకే ఒక్క పలక. ఉప్పు దాన్ని ఏమీ చేయదు, మేకుతో పేర్లు గీసే కుర్రాళ్లు కూడా అంత తేలిగ్గా ఏమీ చేయలేరు. మరి కడప బండ చవక కదా అనొచ్చు. నిజమే, ఉప్పుకు అదీ తట్టుకుంటుంది. కానీ అది సున్నపురాయి జాతి. మన మరుగుదొడ్లు కడిగేది యాసిడ్‌తో. యాసిడ్ పడిన చోటల్లా కడప బండ పొంగి, గరుకెక్కి, ఆ గరుకులో మురికి పట్టి, ఆ మురికికి ఇంకాస్త యాసిడ్ పోసి... ఈ కథకు అంతుండదు.

యాసిడ్ మాట ఇక్కడితో వదిలేసేది కాదు. బాత్‌రూమ్ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అందులో ఉన్నదీ క్లోరైడే. సముద్రం బయటి నుంచి చేస్తున్న పనిని శుభ్రం చేసేవాళ్లు లోపలి నుంచి చేస్తున్నారన్నమాట. తప్పు వాళ్లది కాదు. మరక పోకపోతే మాట పడేది వాళ్లే. మరక పట్టని నున్నటి నేల, మూలలు లేకుండా గుండ్రంగా తిప్పిన గోడ అడుగులు, పైపు పెట్టి కొడితే ఒకే వాలున పారిపోయే నీళ్లు ఇచ్చి ఉంటే సబ్బునీళ్లు చాలేవి.

స్టీలు మీద మనవాళ్లకున్న నమ్మకమూ ఒకసారి సడలాలి. వంటింట్లో వాడే స్టీలుతో పోల్చదగిన 304 రకం తీరంలో గోధుమరంగు చుక్కలేసుకుంటుంది. రెండు మూడు శాతం మాలిబ్డినం కలిసిన 316 రకం చాలా కాలం నిలుస్తుంది, ధర కూడా ఎక్కువే. అందుకే దాన్ని ఎక్కడ పడితే అక్కడ కాక, గడియలకు, మడతబందులకు, తలుపు బిగించే బోల్టులకు మాత్రం తప్పనిసరి చేస్తే సరిపోతుంది. మరుగుదొడ్డి గౌరవమంతా ఆ నాలుగైదు తులాల లోహం మీదే ఆధారపడి ఉంది. తలుపు పలక ఫైబరుదైతే తుప్పు గొడవ లేదు. ఇక బయటి ప్రధాన ద్వారానికైతే తలుపే అక్కర్లేదు. లోపలికి చూపు పోకుండా ఒక మలుపు గోడ కడితే చాలు. లేని తలుపు ఊడిపోదు.

సముద్రానికొచ్చిన వాళ్లు మరుగుదొడ్డిని దేనికి వాడతారో ఎస్టిమేట్ వేసేవాళ్లు ఒక పౌర్ణమి పూట ఒడ్డున నిలబడి చూడాలి. సగం మంది వచ్చేది బట్టలు మార్చుకోవడానికి. తడిసి బరువెక్కిన ఆరు గజాల చీర, దాన్ని పిండటానికి చోటు లేదు, పొడి చీర పెట్టుకోవడానికి గట్టు లేదు, తగిలించడానికి కొక్కెం లేదు. ఒక చేత్తో తలుపు పట్టుకుని, పంటితో కొంగు బిగబట్టి కానిచ్చే ఆ విన్యాసం మగ ఇంజనీర్ల ఊహకు అందకపోవచ్చు. ఒంటికీ చీర కుచ్చిళ్లకూ అంటుకొచ్చిన ఇసుక గొట్టాల్లోకి దిగి గట్టిపడుతుంది. రెండు వారాలకు నీళ్లు నిలుస్తాయి. బట్టలు మార్చుకునే గదులు విడిగా, కాళ్లు కడుక్కునే పంపులు బయటే, వాటి కింద ఇసుక పేరుకునే తొట్టి, ఆ తొట్టిని పారతో ఎత్తిపోయగలిగేంత వెడల్పు. ఇదేమీ పెద్ద శాస్త్రం కాదు. పెరట్లో అంట్లు తోమే చోటును ఎలా అమర్చుకోవాలో తెలిసిన ఏ ఇల్లాలైనా గీసి చూపిస్తుంది.

ఆడవాళ్లకు గదులు ఎక్కువ ఉండాలన్నది కూడా ఎవరో చేసే దయ కాదు. స్వచ్ఛ భారత్ మార్గదర్శకాలే వందమంది మగవాళ్లకు ఒకటి, వందమంది ఆడవాళ్లకు రెండు అన్నాయి. చాలాచోట్ల గోడకు అటు ఎన్నో ఇటూ అన్నే ఉంటాయి, అద్దంలో బొమ్మలా.

ఇక నేల కింది సంగతి. ఊళ్లలో 12 వేల రూపాయల ప్రభుత్వ సాయంతో కట్టుకున్న మరుగుదొడ్లకు చెప్పింది జంట గుంతల పద్ధతి. ఒకటి నిండితే రెండోది, ఈలోగా మొదటిది ఎరువు. మెట్ట నేలకు ఇంతకంటే మంచి ఉపాయం లేదు. అయితే గుంత అడుక్కీ భూగర్భ జలానికీ మధ్య రెండు మీటర్ల ఎడం ఉండాలి. ఒడ్డున చేత్తో తవ్వినా నీరూరే చోట ఆ ఎడం ఎక్కణ్ణుంచి వస్తుంది? అక్కడ ఇంకుడు గుంత తవ్వడమంటే పక్కనున్న మత్స్యకారుల బోరుబావిలోకి గొట్టం వేయడమే. కావలసింది చుక్క కారని మూసిన ట్యాంకు, దాన్ని నిండకముందే తోడుకెళ్లే బండి. ఇంకో మెలిక కూడా ఉంది. ఖాళీ ట్యాంకు వానాకాలంలో పడవలా పైకి తేలడానికి చూస్తుంది. అందుకే దాన్ని అడుగున బరువైన కాంక్రీటు పలకకు కట్టేయాలి.

తుపాను మాట ఎత్తకుండా బందరులో ఏ కట్టడం గురించీ మాట్లాడలేం. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన దాదాపు నాలుగు మీటర్ల ఎత్తున ఊరి మీద పడి 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేల పైచిలుకు మంది పోయారు. అలాంటి చోట కట్టేదాన్ని ఎత్తున పెట్టాలా? న్యూయార్క్ అలాగే చేసింది. 2012 అక్టోబరులో శాండీ తుపాను ఆ నగరం బీచ్‌ల మరుగుదొడ్లను తుడిచిపెడితే, మరుసటి వేసవికల్లా ఫ్యాక్టరీలో తయారైన గదులను తెచ్చి స్తంభాల మీద, వరద మట్టానికి పైన కూర్చోబెట్టింది. బ్రైటన్ బీచ్‌లో మాత్రం ఎదుటి అపార్టుమెంట్ల వాళ్లు తమ కిటికీల్లోంచి సముద్రం కనిపించదని గొడవకు దిగారు.

మంగినపూడికి ఆ దారి సరిపడదు. చక్రాల కుర్చీ ఎక్కాలంటే ర్యాంపు పన్నెండుకు ఒకటి చొప్పున వాలాలి. ఒక మీటరు ఎత్తుకే పన్నెండు మీటర్ల పొడవు. నాలుగు మీటర్లెత్తితే ర్యాంపే ఒక వంతెనవుతుంది. మోకాళ్ల నొప్పుల నాయనమ్మ కింద నిలబడి చూస్తూ ఉండిపోతుంది. కాబట్టి రోజూ వచ్చే మనిషి కోసం నేల మట్టానికి కాస్త ఎత్తున కట్టి, పదేళ్లకో ఇరవయ్యేళ్లకో వచ్చే ఉప్పెనకు మునగనివ్వడమే తెలివి. మునిగినా పోకూడదు, అంతే. గాలీ నీరూ అడ్డం లేకుండా దూసుకుపోయే జాలీ గోడలు, నీళ్లలో నానినా ఉబ్బని పలకలు, మోటారూ స్విచ్చుబోర్డూ స్లాబు మీది గూటిలో. ఉప్పెన తీశాక బురద ఎత్తి, పైపుతో కొట్టి, మర్నాటికి తెరవాలి. అప్పుడు దాని అవసరం యాత్రికులకంటే ఇళ్లు కోల్పోయిన వాళ్లకే ఎక్కువ.

రేకుల కప్పుల మోజు కూడా మానాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ విమానాశ్రయం పైకప్పునే చీల్చేసింది. దాని ముందు నాలుగు బోల్టులతో బిగించిన మరుగుదొడ్డి రేకు ఎగిరే కత్తి. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లు కట్టుకున్న జాలర్లకు గాలిని ఎదిరించకూడదనీ, పక్కకు జారనివ్వాలనీ ఏ కోడ్ పుస్తకమూ లేకుండానే తెలుసు. గుండ్రటి మరుగుదొడ్డి మన తీరంలో అరుదుగా ఎందుకుందో మరి.

ఇక్కడ చట్టం ఒక చిక్కుముడి వేసింది. తీరప్రాంత కట్టడాలను నియంత్రించే 2019 నాటి సీఆర్‌జెడ్ ప్రకటన బీచ్ మీద మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు పెట్టుకోనిచ్చింది. షరతులు రెండు: పోటు గీతకు కనీసం పది మీటర్ల ఎడం, కట్టడం తాత్కాలికం. మంచి షరతులే, ఒడ్డు ఎప్పుడూ ఒకేచోట ఉండదు. కాకినాడ దగ్గర ఉప్పాడలో రోడ్లనే సముద్రం కోసుకుపోతోంది. అయితే తాత్కాలికం అన్న మాట మన ఆఫీసుల్లో 'నాసి' అనే అర్థంలో స్థిరపడిపోయింది. ఇనుప డబ్బా ఒకటి దింపి, రంగేసి, రెండు మూడు వానాకాలాలకు అది పుచ్చిపోతే మరొకటి దింపడం. తాత్కాలికం అంటే విప్పి మరోచోట పెట్టుకోగలిగేది. అచ్చు పోసిన కాంక్రీటు దిమ్మెలు, బోల్టులతో కూర్చిన గ్రానైటు పలకలు కూడా విప్పదీయవచ్చు. తిరునాళ్ల రంగులరాట్నం ఏటా విప్పి బిగిస్తారు. అది నాసిది కాదు కదా.

ఇంత చేసినా కట్టడం సగం పనే. టోక్యోలోని షిబుయా ప్రాంతంలో 2020 నుంచి 2023 మధ్య నిప్పన్ ఫౌండేషన్ పేరున్న వాస్తుశిల్పులు, డిజైనర్లతో 17 పబ్లిక్ మరుగుదొడ్లు కట్టించింది. షిగెరు బాన్ కట్టినవాటికి గాజు గోడలు. తలుపు గడియ వేస్తే గాజు మసకబారుతుంది. లోకమంతా ఆ ఫొటోలు చూసింది. చలికాలం చలికి ఆ గాజు సమయానికి మసకబారక ఇబ్బంది పెట్టిందన్నది అంతగా ప్రచారం కాలేదు. వాటి అసలు గొప్పతనం గాజులో లేదు, రోజుకు ఒకటికి రెండుసార్లు వచ్చి కడిగే మనుషుల్లో ఉంది. విమ్ వెండర్స్ సినిమా 'పర్ఫెక్ట్ డేస్' తీసింది కట్టినవాళ్ల మీద కాదు, ఒక కడిగేవాడి మీద.

మన దగ్గరి పాఠం రుషికొండ. 2020 అక్టోబరులో దేశంలో మొదటిసారి ఎనిమిది బీచ్‌లకు బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి అదొక్కటే ఉంది. 33 ప్రమాణాలు నెగ్గి తెచ్చుకున్న ఆ జెండా 2025 మొదట్లో నిర్వహణ లోపాల ఫిర్యాదులతో చేజారింది. హడావుడిగా మరమ్మతులు చేశాక మళ్లీ దక్కింది. కొద్ది వారాల్లో అన్నీ సరిచేయగలిగినప్పుడు, ఫిర్యాదు ఆ జెండా ఇచ్చే సంస్థ ఉన్న డెన్మార్కు దాకా వెళ్లేవరకూ ఎందుకు ఆగారన్నది విశాఖవాసులు అడగాల్సిన మాటే.

ఆ జవాబు సాధారణంగా డబ్బు పద్దులో ఉంటుంది. కట్టడానికి ఒక నిధి, నడపడానికి ఏ నిధీ లేదు. కాంట్రాక్టరుకు బిల్లు అందేది తాళంచెవులు అప్పగించిన రోజున. ఉప్పు మాత్రం అప్పటి నుంచే పని మొదలుపెడుతుంది. కట్టినవాడే అయిదేళ్లు నడపాలనీ, కడిగేవాళ్ల జీతం, నీళ్లు, విడిభాగాలు ఆ ఒప్పందంలోనే ఉండాలనీ రాస్తే 316 స్టీలు ఖరీదు ఎవరికీ ఎక్కువగా తోచదు. తన సొమ్ముతో గడియలు మార్చాల్సి వచ్చేవాడు మొదటే మంచి గడియ కొంటాడు. 2025 జూన్‌లో మంగినపూడిలో బీచ్ ఫెస్టివల్ జరిపినంత ఉత్సాహంలో కొంత ఈ ఒప్పందం కాగితానికి పెట్టినా నడిగూడెం నుంచి వచ్చే వ్యానులో ఆడవాళ్లు నీళ్లు తాగి బయల్దేరతారు.

ఆ ఒప్పందంలో ఇంకొక్క షరతు చేర్చాలి. బిల్లులో నాలుగో వంతు మూడు వానాకాలాలు గడిచేదాకా ఆపి ఉంచాలి. ఆ తర్వాత కార్తీక పౌర్ణమి మర్నాడు, జనం వెళ్లిపోయాక, సంతకం పెట్టాల్సిన ఇంజనీరు మంగినపూడికి రావాలి. పరికరాలేమీ తేనక్కర్లేదు. ఏదో ఒక గదిలోకి వెళ్లి, గడియ వేసుకుని, అదే గడియ తీసుకుని బయటికి రావాలి.